రాత్రి మూడింటికి నిద్ర, పగలంతా దిగులు: ముందు దేన్ని సరిచేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "ఇల్లు ఇచ్ఛాపురం. ఒడిశాలో బరంపురం యూనివర్సిటీ ఉన్న భంజవిహార్‌లో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. రెండు సెమిస్టర్లుగా రాత్రి మూడు దాటితే గానీ నిద్ర పట్టడం లేదు. తొమ్మిదిన్నర క్లాసుకి ఎనిమిదిన్నరకి లేస్తాను. ఆదివారం మాత్రం పన్నెండు దాకా ఒళ్ళు తెలియకుండా పడుకుంటాను. ఊరికే చిరాకు, దిగులు, చదివింది బుర్రకెక్కదు. టెన్షన్ తగ్గితే నిద్ర అదే వస్తుందని అందరూ అంటున్నారు. మందుల షాపువాడు ఇచ్చిన మాత్ర అప్పుడప్పుడు సగం వేసుకుంటున్నాను. నిద్ర లేక మనసు పాడైందా, మనసు బాగోక నిద్ర పోయిందా? ఏం చెయ్యాలి?"

రెండూ జరుగుతాయి. దిగులు నిద్రని చెడగొడుతుంది, చెడిన నిద్ర దిగులుని పెంచుతుంది. ఏది ముందు మొదలైందో తేల్చడం చాలాసార్లు కుదరదు, కుదిరినా దానివల్ల పెద్ద లాభం లేదు. "టెన్షన్ తగ్గితే నిద్ర అదే వస్తుంది" అన్నమాటను మాత్రం పక్కన పెట్టండి. టెన్షన్ తగ్గేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటే సెమిస్టర్లు గడిచిపోతాయి. రెండింటిలో చేతికి చిక్కేది నిద్ర. మనసుని "సంతోషంగా ఉండు" అని ఆజ్ఞాపించలేం గానీ పొద్దున్న ఎన్నింటికి లేవాలో, ఎప్పుడు వెలుతురులోకి వెళ్ళాలో మన చేతిలోనే ఉంది.

ఇది ఊరికే ధైర్యానికి చెబుతున్న మాట కాదు. 21 దీర్ఘకాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2011లో వచ్చింది. మొదట్లో డిప్రెషన్ లేకుండా నిద్రలేమి మాత్రమే ఉన్నవాళ్ళకి తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం, నిద్ర బాగున్నవాళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపని అందులో తేలింది. బ్రిటన్‌లోని 26 యూనివర్సిటీల్లో, నిద్రలేమి ఉన్న 3,755 మంది విద్యార్థుల మీద జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. సగం మందికి ఆన్‌లైన్‌లో నిద్ర అలవాట్లు మార్చే చికిత్స మాత్రమే ఇచ్చారు. వాళ్ళకి నిద్ర మెరుగవడమే కాదు, అనవసరపు అనుమానాలు, ఆందోళన, దిగులు కూడా తగ్గాయి. మనసు జోలికి నేరుగా వెళ్ళకుండా నిద్రని సరిచేస్తేనే ఆ మార్పు వచ్చింది.

ఎందుకలా అంటే, భయాన్నీ కోపాన్నీ రేపే అమిగ్డలా అనే భాగం మెదడు లోపల ఉంటుంది. నుదుటి వెనకున్న మెదడు దాన్ని అదుపులో పెడుతుంది. నిద్ర తక్కువైతే ఆ అదుపు సడలుతుంది. రూమ్‌మేట్ తలుపు గట్టిగా వేస్తే మామూలు రోజున పట్టించుకోనివాళ్ళు ఆ రోజు గొడవకి దిగేది అందుకే. దీనికి తోడు కలలు ఎక్కువగా వచ్చే ఆర్‌ఈఎమ్ నిద్రలో పెద్ద భాగం రాత్రి చివరి మూడోవంతులో ఉంటుంది. మనసుకి తగిలిన విషయాల వేడి చల్లారడంలో ఆ నిద్ర పాత్ర ఉందని చాలామంది పరిశోధకులు అంటారు. మూడింటికి పడుకుని ఎనిమిదిన్నరకి అలారంతో లేస్తే తెగిపోయేది సరిగ్గా ఆ చివరి ముక్కే. 18 నుంచి 25 ఏళ్ళవాళ్ళకి రోజుకి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. మీకు ఆరు రోజులు అయిదున్నర గంటలు, ఆదివారం తొమ్మిది గంటలు. వారం సగటు కట్టితే రోజుకి ఆరు గంటలే తేలుతుంది.

ఇక అసలు విషయం. నిద్ర పాడవడం ఒకే రకం కాదు. విద్యార్థుల్లో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. ఒక రకానికి పనికొచ్చే చిట్కా ఇంకో రకానికి పనికిరాకపోగా ముదరబెడుతుంది. అందుకే నెట్‌లో దొరికే "మంచి నిద్రకి పది చిట్కాలు" లాంటివి చాలామందికి పనిచెయ్యవు.

మొదటిది, టైము చాలక తక్కువ నిద్రపోవడం. పక్క ఎక్కితే రెండు నిమిషాల్లో నిద్ర పడుతుంది గానీ ఎక్కడానికే తీరిక ఉండదు. ట్యూషన్లు చెప్పుకుంటూ చదివేవాళ్ళు, పలాస నుంచో సోంపేట నుంచో తెల్లవారుజాము బండికి రోజూ వచ్చిపోయేవాళ్ళు ఈ కోవలోకి వస్తారు. వీళ్ళకి చికిత్స అక్కర్లేదు, గంటలు కావాలి. రైల్లో తీసే కునుకుని కూడా లెక్కలో వేసుకోవాలి.

రెండోది, ఒంట్లో గడియారం వెనక్కి జరిగిపోవడం. మూడింటికి పడుకుంటే చక్కగా పడుతుంది, లేపకపోతే పదకొండు, పన్నెండు దాకా తెగకుండా సాగుతుంది. నిద్రలో లోపం లేదు, టైములోనే ఉంది. ఇరవై ఏళ్ళ వయసులో ఒంటి గడియారం జీవితం మొత్తంలోకీ బాగా వెనకబడి ఉంటుంది, ఆ తర్వాత మెల్లగా ముందుకొస్తుంది. కాబట్టి ఇది బద్ధకమూ కాదు, క్రమశిక్షణ లేకపోవడమూ కాదు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ సంగతి చెప్పడం మంచిది.

మూడోది అసలైన నిద్రలేమి. టైముంది, అలసటుంది, పక్క ఎక్కితే మాత్రం కళ్ళు తెరుచుకుంటాయి. లేదా మాగన్నుగా పట్టి మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. సెలవుల్లో కూడా ఇదే తంతు. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకి తగ్గకుండా ఇలా ఉండి, పగటి పని దెబ్బతింటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు.

మీరు రాసిన దాంట్లో "ఆదివారం పన్నెండు దాకా ఒళ్ళు తెలియకుండా" అన్న ముక్కను బట్టి చూస్తే మీది ఎక్కువగా రెండో రకం. దసరా సెలవుల్లో మూడు నాలుగు రోజులు గడిచాక, పాత బాకీ తీరాక, ఏ టైముకి మీ అంతట మీకు మెలకువ వచ్చేదో గుర్తు చేసుకోండి. అదే మీ ఒంటి గడియారం చెప్పే పొద్దు. పదకొండు అనుకుందాం. ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

ఒంటి గడియారాన్ని జరిపేది వెలుతురు. ఎటు జరుపుతుందన్నది అది ఏ టైముకి కంట్లో పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. సహజంగా మెలకువ వచ్చే టైముకి రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి అన్నిటికంటే కిందికి దిగుతుంది. ఆ తర్వాత పడిన వెలుతురు గడియారాన్ని ముందుకి తెస్తుంది, అంటే రాత్రి తొందరగా నిద్ర వస్తుంది. ఆ ముందు పడిన వెలుతురు ఇంకా వెనక్కి నెడుతుంది. మీ సహజ మెలకువ పదకొండైతే ఆ మలుపు ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఉంటుంది. "రేపట్నుంచి మారిపోతాను" అని పంతం పట్టి అయిదింటికి లేచి ఎండలో నడిచారనుకోండి. క్యాలెండరుకి అది పొద్దున్నే గానీ మీ ఒంటికి నడిరాత్రి. రెండు మూడు రోజులు కుస్తీ పట్టి, నిద్ర ఇంకా పాడై, "నా వల్ల కాదు" అని వదిలేస్తారు. అందులో పట్టుదల తక్కువేం కాలేదు, లెక్క తప్పింది.

మన తూర్పు తీరంలో దీనికి ఇంకో తిరకాసుంది. బరంపురం దేశపు ప్రామాణిక కాలరేఖకి తూర్పున ఉండటంతో జూన్‌లో ఐదుంపావు అయ్యేసరికే పొద్దు పొడుస్తుంది. మూడున్నర దాకా చదివి, నాలుగున్నరకి మేడ మీదకెక్కి చల్లగాలికి టీ తాగి, తెల్లారాక కిందికి దిగి పడుకునే అలవాటు హాస్టళ్ళలో ఉంది. ఆ వెలుతురు గడియారాన్ని ఇంకో మెట్టు వెనక్కి నెడుతుంది. తూర్పు కిటికీ పక్కన మంచం ఉన్నవాళ్ళదీ అదే సమస్య. గడియారం సర్దుకునేదాకా కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టండి, లేదా తువ్వాలు కళ్ళ మీద వేసుకోండి. డిసెంబరులో పొద్దుపొడుపు ఆరు దాటాకే కాబట్టి ఈ బెడద తగ్గుతుంది.

మీరు చెయ్యాల్సింది ఇదీ. మొదటి వారం లేచే టైము ఎనిమిదిన్నరే ఉంచండి, ఆదివారం కూడా. అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఈ ఆదివారమే. లేచిన అరగంటలో ఆరుబయటికి వెళ్ళి అరగంట ఉండండి. నడవక్కర్లేదు, టిఫిను అక్కడే తిన్నా సరే. మబ్బు రోజైతే ముప్పావుగంట. ట్యూబులైటు కింద కూర్చోవడం సరిపోదు. గదిలో వెలుతురు రెండు మూడు వందల లక్స్ మించదు, ఆరుబయట చెట్టు నీడలో కూడా కొన్ని వేలు ఉంటుంది. రెండో వారం నుంచి మూడు రోజులకోసారి అలారాన్ని 20, 25 నిమిషాలు ముందుకి జరపండి. రెండు వారాలు తిరిగేసరికి ఏడింటికి వస్తారు. ఒక మెట్టు దగ్గర ఒళ్ళు మొరాయిస్తే ఇంకో మూడు రోజులు అక్కడే ఆగండి, వెనక్కి మాత్రం వెళ్ళకండి.

రాత్రి సంగతి. మొదటి వారం పదకొండింటికే పక్క ఎక్కకండి. రోజూ నిద్ర పట్టే టైముకి ముందు రెండు మూడు గంటలు ఒళ్ళు బాగా చురుగ్గా ఉంటుంది, ఆ టైములో ఎంత దొర్లినా నిద్ర రాదు. దొర్లడం అలవాటైతే రెండో రకం కాస్తా మూడో రకంగా మారుతుంది. నిద్ర ముంచుకొచ్చే టైముకి, అంటే రెండున్నరకైనా సరే, అప్పుడే పడుకోండి. లేచే టైము ముందుకి జరిగేకొద్దీ నాలుగైదు రోజుల ఆలస్యంతో పడుకునే టైము అదే ముందుకొస్తుంది. పడుకోబోయే రెండు గంటల ముందు పెద్ద లైటు తీసేసి టేబుల్ లైటు పెట్టుకోండి. ఫోను నీలి వెలుతురు గురించి చెప్పాల్సినదానికంటే ఎక్కువే చెబుతున్నారు. వెలుతురు కొంత చెరుపు చేస్తుంది, నిజమే. అంతకంటే "ఇంకొక్క రీలు" అంటూ పోయే గంటన్నర ఎక్కువ చెరుపు చేస్తుంది. తలగడ పక్కనున్న ఎక్స్‌టెన్షన్ బాక్సుని గది అవతలి గోడకి మార్చితే సగం పని అయిపోతుంది. ఛార్జింగు అక్కడ, అలారమూ అక్కడే. ఆపడానికి లేవక తప్పదు.

మెలటోనిన్ గురించి కూడా అడుగుతుంటారు. గడియారాన్ని జరపడానికి వాడేటప్పుడు తక్కువ మోతాదులో, మామూలుగా నిద్ర పట్టే టైముకి కొన్ని గంటల ముందు వేసుకోవాలి. పడుకునే ముందు వేసుకుంటే ఆ పని పెద్దగా జరగదు. మోతాదు, టైము డాక్టరుతో నిర్ణయించుకోండి.

మూడో రకం వాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ళకి వేరే దారి చెబుతాను. నిద్రలేమికి మాత్రల కంటే ముందు చెయ్యాల్సినది అలవాట్లనీ ఆలోచనల్నీ మార్చే చికిత్స, సీబీటీ-ఐ అంటారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో దీన్నే మొదటి చికిత్సగా సిఫారసు చేసింది. అందులో గట్టిగా పనిచేసేవి రెండు. ఒకటి, పక్క మీద గడిపే టైముని తగ్గించడం. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ లెక్క చూడండి. ఏడు రాత్రులు కాగితం మీద రాయాలి: ఎప్పుడు పక్క ఎక్కారు, సుమారు ఎప్పుడు నిద్ర పట్టింది, మధ్యలో ఎంతసేపు మెలకువ, ఎప్పుడు లేచారు. ఒకరు పదకొండు నుంచి ఏడు దాకా, అంటే 480 నిమిషాలు పక్క మీద ఉన్నారు, నిద్రపోయింది సగటున 320 నిమిషాలు అనుకుందాం. 320ని 480తో భాగిస్తే 67 శాతం. మంచి నిద్రకి ఇది 85 దాటాలి. వీళ్ళు ఒంటి గంట నుంచి ఆరున్నర దాకా, అంటే అయిదున్నర గంటలే పక్క మీద ఉండాలి. మూడు నాలుగు రోజులు పగలు కళ్ళు మూతలు పడతాయి. ఆ మత్తే మందు. నిద్ర ఆకలి పేరుకుని, తెగకుండా పడుతుంది. ఏడు రాత్రుల సగటు 85 శాతం దాటితే 15 నిమిషాలు కలపాలి, పన్నెండు ముప్పావుకి పక్క ఎక్కొచ్చు. 80కి తగ్గితే 15 నిమిషాలు కొయ్యాలి. ఎంత తగ్గించినా అయిదు గంటల కిందికి పోకూడదు. రోజూ బండి నడిపేవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, బైపోలార్ (దిగులు, మితిమీరిన హుషారు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళు దీన్ని సొంతంగా చెయ్యకూడదు.

రెండోది, పక్కని నిద్రకి మాత్రమే కేటాయించడం. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వేరే చోట కూర్చోవాలి, కళ్ళు వాలుతుంటేనే మళ్ళీ పక్క మీదకి రావాలి. గడియారం చూడకూడదు, అందాజు చాలు. పుస్తకాల్లో ఇదంతా "ఇంకో గదిలోకి వెళ్ళండి" అని ఉంటుంది. ముగ్గురుండే హాస్టల్ గదిలో ఇంకో గది ఎక్కడిది? వరండాలో లైటు కింద కుర్చీ వేసుకోండి. అదీ కుదరకపోతే తల పెట్టే వైపు వదిలేసి కాళ్ళ వైపు గోడకానుకుని కూర్చోండి. పగలు మంచం మీద చదవకండి. బల్ల లేకపోతే నేల మీద చాప వేసుకోండి, పరుపుని చుట్టేసి పక్కకి నెట్టండి. పరుపు పరిస్తే నిద్ర, చుడితే చదువు అన్నట్టు ఉండాలి. అద్దెగదుల్లో ఉండేవాళ్ళు మంచమే భోజనం బల్ల, మంచమే చదువు బల్ల చేసుకుని, రాత్రి అదే మంచం మీద నిద్ర రావట్లేదని బాధపడుతుంటారు.

ఉక్క సంగతి చెప్పకుండా మన వైపు నిద్ర గురించి మాట్లాడటం దండగ. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొద్దిగా దిగాలి. గోపాల్‌పూర్ సముద్రపు గాలిలో తేమకి మే నెల రాత్రి చెమట ఆరదు, వేడి దిగదు. పడుకోవడానికి గంటన్నర ముందు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేస్తే చర్మానికి రక్తం పారి, తర్వాత ఫ్యాను కింద ఒళ్ళు చల్లబడుతుంది. పడుకునే ముందు మంచులాంటి నీళ్ళు పోసుకుంటే హాయిగా ఉంటుంది గానీ చర్మపు రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి అక్కడే ఉండిపోతుంది. దోమతెర కట్టక తప్పదు, పర్లాకిమిడి, రాయగడ కొండల వైపైతే మలేరియా భయం మరీ ఎక్కువ. తెర లోపలికి సీలింగు ఫ్యాను గాలి సరిగా దూరదు. కాళ్ళ వైపు తెర బయట టేబుల్ ఫ్యాను పెడితే తేడా తెలుస్తుంది. కరెంటు పోయిన రాత్రి నిద్ర పోయిందని పొద్దున్న రెండు గంటలు ఎక్కువ పడుకుంటే మర్నాటి రాత్రి కూడా పోతుంది. లేచే టైముని మాత్రం తప్పనివ్వకండి.

ఎండలు ముదిరిన ఏడు ఒడిశాలో బళ్ళూ కాలేజీలూ పొద్దుటి పూటకి మారతాయి. వెనకబడిన గడియారం ఉన్నవాళ్ళకి ఆ మార్పు పెద్ద దెబ్బ. ఫిబ్రవరి చివర్లోనే ఏడింటికి లేవడం మొదలుపెట్టి ఉంటే ఏప్రిల్‌లో అంత తగలదు. అలాగే రెండేళ్ళకోసారి బరంపురంలో ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర వస్తుంది. వారాల తరబడి రాత్రిళ్ళు ఊరంతా మేలుకునే ఉంటుంది, అదీ పరీక్షలు దగ్గర పడే కాలంలో. చూడొద్దని ఎవరు చెప్పినా ఎవరూ వినరు. ఒకటి రెండు రాత్రులు ఎంచుకోండి. మర్నాడు మామూలు కంటే గంటకి మించి ఎక్కువ పడుకోకండి. మధ్యాహ్నం మూడు లోపు 20 నిమిషాలు కునుకు తియ్యండి. గంటన్నర పడుకుంటే లేచాక తల దిమ్ముగా ఉంటుంది, రాత్రి నిద్ర ఆకలీ చచ్చిపోతుంది.

శనివారం ఇచ్ఛాపురం వెళ్ళేవాళ్ళకి ఇంకో చిక్కు. ఇంట్లో అయిదింటికే సందడి మొదలవుతుంది. "పిల్లాడు అలసిపోయాడు, పడుకోనీ" అని అమ్మ తలుపు దగ్గరకి వేస్తుంది. ఆ ప్రేమకి సోమవారం తలనొప్పి వస్తుంది. ఎన్నింటికి లేపాలో అమ్మకి ముందే చెప్పి ఉంచండి.

టీ, కాఫీల లెక్క. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. చిన్న గ్లాసు టీలో సుమారు 30 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ కప్పులో 60 నుంచి 80. మన దేశంలో ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకి 300 మిల్లీగ్రాములు మించకూడదు, అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 దాకా ఉండొచ్చు. 2013లో వెలువడిన ఒక ప్రయోగంలో పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు ఇస్తే నిద్ర గంటకి పైగా తగ్గింది. ఆందోళన స్వభావం ఉన్నవాళ్ళకి కెఫీన్ గుండెదడ తెస్తుంది, ఆ దడని వాళ్ళు భయం అనుకుంటారు. మధ్యాహ్నం రెండు తర్వాత ఆపేయండి. గుట్కా, సిగరెట్టు కూడా మెలకువ పెంచేవే. ఇక ఇప్పసారా అయినా బీరైనా తొందరగా మత్తు తెచ్చి, తెల్లవారుజామున నిద్రని ముక్కలు చేస్తుంది. మర్నాటి దిగులు సగం దానిదే.

పక్క ఎక్కగానే ఆలోచనలు ముసురుకుంటే, సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో పావుగంట కేటాయించి బెంగలన్నీ కాగితం మీద పెట్టండి. ఎదురుగా రేపు చెయ్యగలిగే ఒక్క పని రాయండి. "ప్రాజెక్టు ఏమవుతుందో" ఎదురుగా "పదిన్నరకి గైడ్‌ని కలిసి రెండో చాప్టరు అడగాలి" అని ఉండాలి. పడుకునే ముందు అయిదు నిమిషాలు రేపటి పనుల పట్టిక రాసినవాళ్ళు, అయిపోయిన పనులు రాసినవాళ్ళ కంటే తొందరగా నిద్రపోయారని 2018లో ఒక ప్రయోగంలో తేలింది. ఎంత వివరంగా రాస్తే అంత లాభం.

పరీక్షల ముందు రాత్రంతా మేలుకునే సంగతి. అమెరికాలోని ఎంఐటీలో కెమిస్ట్రీ విద్యార్థుల చేతులకి నిద్ర కొలిచే పట్టీలు కట్టి సెమిస్టరంతా చూశారు, ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. పరీక్ష ముందు రాత్రి నిద్రకీ మార్కులకీ సంబంధం దొరకలేదు. ఆ ముందు వారం, ముందు నెల నిద్ర ఎంత, ఎంత క్రమంగా అన్నదానికి మాత్రం గట్టి సంబంధం దొరికింది. ముందు రోజు నిద్ర పట్టలేదని కంగారు పడేవాళ్ళకి ఇది మంచి కబురు. ఆ ఒక్క రాత్రే బాగా పడుకుంటే చాలనుకునేవాళ్ళకి కాదు.

ఇక డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి. రెండు వారాలకి పైగా రోజులో ఎక్కువ భాగం దిగులు, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి లేకపోవడం, తిండి తగ్గడం లేదా పెరగడం, తెల్లవారుజామున మూడు నాలుగింటికే మెలకువ వచ్చి ఆ టైములోనే మనసు మరీ బరువుగా ఉండటం. ఇవి ఉంటే నిద్ర సర్దుకుంటే పోతాయని ఆగకండి, రెండూ కలిపి చూపించుకోండి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక నెట్‌లో దొరుకుతుంది, 10 గానీ అంతకుమించి గానీ వస్తే తప్పకుండా వెళ్ళాలి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన లక్షణం ఒకటుంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. మూడు నాలుగు గంటలే పడుకుని కూడా అలసట లేకుండా, మాటలు ఎక్కువై, ఖర్చు ఎక్కువై, బుర్ర పరుగులు పెడుతుంటే అది నిద్రలేమి కాకపోవచ్చు, ఉన్మాద దశ మొదలు కావచ్చు. అలాంటప్పుడు పక్క మీద టైము తగ్గించే పద్ధతి ప్రమాదం. గట్టిగా గురక పెట్టి ఉలిక్కిపడి లేచేవాళ్ళు, పడుకోగానే కాళ్ళు లాగి కదపకుండా ఉండలేనివాళ్ళు కూడా చూపించుకోవాలి. కాళ్ళ బాధలో ఐరన్ తక్కువ కావడం ఒక కారణం, ఆడపిల్లల్లో ఇది తరచు కనిపిస్తుంది.

చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే ఇవేవీ మొదలుపెట్టకుండా ముందు 14416కి ఫోన్ చెయ్యండి. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్, రాత్రింబవళ్ళు ఉచితం. తెలుగు, ఒడియా సహా 20 భాషల్లో మాట్లాడతారు. క్లాసులో ఒడియా, ఇంగ్లీషులతో నెట్టుకొచ్చినా మనసులో మాట ఇంటి భాషలోనే బయటికొస్తుంది, కాబట్టి తెలుగే అడగండి, మొహమాటపడకండి. ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి, రూమ్‌మేట్‌కి చెప్పండి.

చూపించుకోవడానికి బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. తెలుగులోనే చెప్పుకోవాలనుకునేవాళ్ళకి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

చివరిగా ఆ సగం మాత్ర. పేరు రాయలేదు. అట్ట మీద చూడండి. అల్‌ప్రాజోలమ్ అయితే అది హెచ్1 షెడ్యూలు మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది షాపులో రిజిస్టరులో రాయాలి. కొద్ది వారాల్లోనే అలవాటు పడుతుంది. మీలాంటి వెనకబడిన గడియారానికి అది చేసే మేలు లేదు, మత్తు ఇస్తుంది గానీ టైముని జరపదు. అప్పుడప్పుడు సగమే అయితే ఇక కొనకండి. రోజూ వేసుకుంటూ కొన్ని వారాలు దాటి ఉంటే మాత్రం ఒక్కసారిగా మానెయ్యకండి. ఉన్నట్టుండి ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, వణుకు రావచ్చు, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. మెల్లగా తగ్గించే పద్ధతి డాక్టరు చెబుతారు. అలెర్జీ మాత్రలైతే అలవాటు భయం తక్కువ గానీ మర్నాడు మధ్యాహ్నం దాకా మగతగా ఉంటుంది. ఓపీకి వెళ్ళేటప్పుడు ఆ అట్ట, రెండు వారాల నిద్ర కాగితం, రోజుకి ఎన్ని టీలో, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందేమో రాసుకుని వెళ్ళండి. అక్కడ దొరికే పది నిమిషాలు "నిద్ర పట్టట్లేదండి" అని చెప్పడంతోనే అయిపోకూడదు.